యాంకీ డూడుల్ మౌస్ (1943): జెర్రీ పంపిన రెండు తంతి వార్తలను తెలుగులో ఎలా రాయాలి?

పుస్తకాలగది:

సభ్యులందరికీ నమస్కారం. మా ఊరి పిల్లల గ్రంథాలయంలో నెలకొక శనివారం సాయంత్రం ఒక పాత కార్టూన్ చిత్రం చూపించి, ఆ తరువాత అరగంటసేపు దాని గురించి పిల్లలతో మాట్లాడటం మూడేళ్లుగా జరుగుతోంది. ఈ నెలకు 1943 జూన్ 26న విడుదలైన ‘యాంకీ డూడుల్ మౌస్’ను ఎంచుకున్నాను. విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా ఎం.జి.ఎం. స్టూడియోలో తీసిన టామ్ అండ్ జెర్రీ చిత్రాలలో ఇది పదకొండవది. ఆ తరువాతి కాలంలో మొత్తం ఏడు ఆస్కార్లు అందుకున్న ఆ వరుసకు మొట్టమొదటి ఆస్కార్ తెచ్చిపెట్టింది ఇదే.

చూడనివారి కోసం కథ చెబుతాను. ఒక ఇంటి నేలమాళిగలో పిల్లికీ చిట్టెలుకకూ జరిగే పోరాటమే కథంతా. అయితే ఆ పోరాటం యుద్ధవార్తల పద్ధతిలో నడుస్తుంది. జెర్రీ కోడిగుడ్లను చేతిబాంబులుగా విసురుతాడు, షాంపేన్ సీసాల బిరడాలను ఫిరంగుల్లా పేలుస్తాడు, రోలర్ స్కేటు మీద జున్ను తురిమే రేకు బిగించి జీపుగా నడుపుతాడు, పిండితో పొగతెర కల్పిస్తాడు. బొమ్మ విమానమెక్కి పైనుంచి బల్బులు వదులుతాడు. విమానం కూలినప్పుడు ఆడవారి లోదుస్తును పారాచూట్‌గా విప్పుకొని క్షేమంగా దిగుతాడు. ఆఖరుకు టామ్ రాకెట్టుతో పాటు ఆకాశానికి ఎగిరి పేలిపోగా, ఆ వెలుగులు అమెరికా జెండాగా పరుచుకుంటాయి.

ఈ చిత్రంలో సంభాషణలు లేవు కాబట్టి అనువాదం అవసరం ఉండదనే అనుకున్నాను. కానీ కాగితం, కలం దగ్గర పెట్టుకొని చూస్తే, నవ్వు సగం తెర మీద కనిపించే రాతలలోనే ఉన్నదని అర్థమైంది. జెర్రీ దాక్కొనే కలుగు మీద ‘క్యాట్ రెయిడ్ షెల్టర్’ అని ఉంటుంది. గుడ్ల పెట్టె మీద ‘హెన్ గ్రెనేడ్స్’ అని ఉంటుంది. నీటిలో తేలుతున్న టామ్‌ను ఇటుకతో ముంచిన తరువాత జెర్రీ ‘సైటెడ్ క్యాట్, శాంక్ సేమ్’, అంటే పిల్లిని చూసి ముంచేశానని పైవారికి వార్త పంపుతాడు. చివర్లో ‘సెండ్ మోర్ క్యాట్స్’ అని మరొకటి పంపుతాడు. రెండింటి కిందా లెఫ్టినెంట్ జెర్రీ మౌస్ అనే సంతకం. మా పిల్లలలో చాలామంది తెలుగు మాధ్యమంలో చదువుకుంటున్నవారు. ఈ నాలుగు రాతలను అట్ట ముక్కల మీద తెలుగులో రాసి, ఆ దృశ్యం వచ్చినప్పుడు పైకెత్తి చూపించాలని నా ఆలోచన. సరైన మాటలు కుదరడం లేదు. సహాయం చేయగలరా?

పాతరీలు:

మంచి చిత్రాన్ని ఎంచుకున్నారు. మాటలు వెతికే ముందు ఆ రెండు తంతి వార్తలకు మూలాలు తెలుసుకోవడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అవి రచయితలు ఊరికే కల్పించినవి కావు. 1943లో అమెరికా సినిమా హాలులో కూర్చున్న ప్రతి ప్రేక్షకుడికీ అవి ఎక్కడివో తక్షణం తెలిసేవి.

మొదటిది 1942 జనవరి 28 నాటిది. న్యూఫౌండ్‌లాండ్‌లోని అర్జెంషియా స్థావరం నుంచి గస్తీ విమానం నడుపుతున్న డొనాల్డ్ ఫ్రాన్సిస్ మేసన్ అనే అమెరికా నౌకాదళ వైమానికుడు ఒక జర్మన్ జలాంతర్గామి మీద బాంబులు వేశాడు. ‘సైటెడ్ సబ్, శాంక్ సేమ్’ అనే నాలుగు మాటల సందేశం ఆయన పేరు మీద పత్రికలకెక్కింది. పెర్ల్ హార్బర్ దెబ్బ తగిలి అప్పటికి రెండు నెలలైనా కాలేదు. తూర్పు తీరం వెంబడి సరుకు ఓడలు వరసగా మునిగిపోతున్నాయి. ఒక్క మంచి వార్త కోసం ముఖం వాచిపోయిన దేశానికి ఆ నాలుగు మాటలు పెద్ద ఊరటనిచ్చాయి. ‘సబ్’ (జలాంతర్గామి) అన్న చోట ‘క్యాట్’ అని మార్చడమే ఇక్కడి హాస్యం.

యుద్ధం ముగిశాక జర్మన్ నౌకాదళం దస్తావేజులతో సరిచూస్తే, ఆ రోజు అక్కడ ఏ జలాంతర్గామీ మునగలేదని తేలింది. అంతమాత్రాన మేసన్‌ను తక్కువ చేయనవసరం లేదు. అదే ఏడాది మార్చి 15న ఆయన యు-503 అనే జలాంతర్గామిని నిజంగానే ముంచాడు. లోకం మాత్రం గురి తప్పిన నాటి మాటలనే గుర్తు పెట్టుకుంది.

రెండవ వార్త మూలం ఇంకా బరువైనది. పసిఫిక్ సముద్రంలోని వేక్ దీవిని కొద్దిమంది అమెరికన్ మెరైన్లు, నావికులు, అక్కడ పనికి వచ్చిన నిర్మాణ కార్మికులు కలిసి 1941 డిసెంబరులో రెండు వారాలకు పైగా కాపాడారు. డిసెంబరు 11న దీవి మీద దిగబోయిన జపాన్ దళాన్ని తిప్పికొట్టి రెండు డిస్ట్రాయర్లను ముంచారు. ఇంకేమి కావాలని పైవారు అడిగితే ‘మరింతమంది జపానువారిని పంపండి’ అని వారు బదులు పంపినట్టు అమెరికా అంతటా ప్రచారమైంది. డిసెంబరు 23న దీవి పడిపోయింది. అక్కడి మెరైన్ల అధికారి మేజర్ జేమ్స్ డెవెరో యుద్ధం ముగిసేవరకూ జపాన్ చెరలో ఉండి బయటికి వచ్చాక, అటువంటి సందేశం తాను పంపలేదని స్పష్టంగా చెప్పారు. రహస్య సంకేత భాషలో వార్తలు పంపేటప్పుడు శత్రువును తికమక పెట్టడానికి ముందూ వెనకా అర్థంలేని మాటలు చేర్చే పద్ధతి ఉండేది. ఆ చేర్పు మాటలనే ఎవరో అసలు సందేశమని పొరబడి ఉంటారని సాధారణంగా వివరిస్తారు.

కాబట్టి మీ అట్ట ముక్కల మీదికి ఎక్కబోయే రెండు వార్తలలో ఒకటి జరగనిదాన్ని జరిగిందన్నది, రెండవది పంపినవారే లేనిది. రెండింటినీ ఆ కాలపు జనం మనసారా నమ్మారు.

పదకేళి:

పాతరీలు గారి వివరణ చదివి రాత్రంతా వీటి గురించే ఆలోచించాను. తంతి వార్తలను తరువాత చూద్దాము, ముందుగా గుడ్ల పెట్టె సంగతి. ఆంగ్లంలో ‘హ్యాండ్’ను ‘హెన్’ చేయడం వలన నవ్వు పుడుతుంది. మనం ‘కోడి చేతిబాంబులు’ అని రాస్తే అర్థం వస్తుంది గాని నవ్వు రాదు. అయితే తెలుగు మనకు ఇక్కడ అడగకుండానే ఒక వరం ఇచ్చింది. తుపాకికి గుండ్లు ఉంటాయి, కోడికి గుడ్లు ఉంటాయి. మధ్యలో తేడా ఒక్క సున్నా. పెట్టె మీద ‘ఫిరంగి గుండ్లు’ అని రాసి, ఆ సున్నాను అడ్డంగా కొట్టేసినట్టు చూపిస్తే అది ‘ఫిరంగి గుడ్లు’ అవుతుంది. చదవడం వచ్చిన ప్రతి పిల్లకూ చప్పున తడుతుంది. మూలంలోని హాస్యం కన్నా ఒక పిసరు మెరుగ్గా ఉందని కూడా ధైర్యంగా అనగలను, ఎందుకంటే విసిరిన వస్తువూ, దాని ఆకారమూ, దాని పేరూ మూడూ ఒకచోట కలుస్తున్నాయి.

కలుగు మీది బోర్డు కష్టమైనది. ‘ఎయిర్’ను ‘క్యాట్’ చేయడం వారికి సులువు. మనకు ‘వైమానిక దాడి’ ఉన్నది. దానికి ప్రాసగా పిల్లిని తెచ్చే మాట ఒకటి దొరికింది: బిడాలం అంటే పిల్లి కదా, దాని నుంచి ‘బైడాలిక దాడి’. వైమానిక, బైడాలిక. ఎంత చక్కగా అతికిందో చూడండి.

నిదానం:

పదకేళి గారూ, ఫిరంగి గుడ్లకు నా రెండు చేతులా నమస్కారం. బైడాలికకు మాత్రం ఒప్పుకోలేను. ఏడెనిమిదేళ్ల పిల్లలకు ‘వైమానిక’ అన్న మాటే బరువు, దానికి ప్రాస కుదరడం వారికి ఎలా తెలుస్తుంది? నిఘంటువు తీస్తే తప్ప నవ్వు రాని హాస్యం ఆ చిత్రానికి అన్యాయం చేస్తుంది. ఆ బోర్డు తెర మీద నిలిచేది రెండు మూడు క్షణాలు మాత్రమే.

సముద్రతీరం:

ఆ బోర్డు గురించి నేను ఒక మాట చెప్పాలి. మాది విశాఖపట్నం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేసిన సంగతి ఈ తరంలో చాలామందికి తెలియదు. మా నాయనమ్మకు అప్పుడు పదకొండేళ్లు. ఆమె ‘ఏ.ఆర్.పి. వాళ్లు’ అనే మాటను చివరి వరకూ అలాగే అనేవారు. దాని పూర్తి రూపం ఎయిర్ రెయిడ్ ప్రికాషన్స్ అని నేను చాలా పెద్దయ్యాక తెలుసుకున్నాను. సైరను మోగితే ఎక్కడికి పరుగెత్తాలో, దీపాలు ఎలా కప్పాలో ఆమె చెబుతుంటే విన్నాను. బాంబులు పడిన మరునాటి నుంచి ఊరు ఖాళీ అయిపోయిందనీ, మూటాముల్లే కట్టుకొని ఎడ్లబండి మీద లోపలి పల్లెలకు పోయారనీ, ఇంటి పిల్లిని మాత్రం తీసుకువెళ్లలేకపోయామనీ చెప్పి ప్రతిసారీ ఆగిపోయేవారు.

ఇది చెప్పడానికి కారణం ఉన్నది. ‘ఎయిర్ రెయిడ్ షెల్టర్’ అనేది అమెరికా పిల్లలకు బోర్డు మీది మాటగానే మిగిలింది, వారి ఇళ్ల మీద బాంబులు పడలేదు. మా ఊరిలో ఆ మాట ఒక ఉదయం నిజమైంది. కాబట్టి మీరు ఆ బోర్డును తెలుగులో రాసేటప్పుడు, ఆ కాలంలో మనవాళ్లు ఎలా అన్నారో అలాగే రాస్తే బాగుంటుందని నా కోరిక. పుస్తకాలలో వైమానిక దాడి అనేవారేమో గాని ఇంట్లో మా పెద్దవాళ్లంతా ‘బాంబుల దాడి’ అనే అన్నారు.

పుస్తకాలగది:

సముద్రతీరం గారూ, మీ నాయనమ్మ గారి మాట చదివిన తరువాత చాలాసేపు మరేమీ రాయలేకపోయాను. మా జిల్లాలో పుట్టి పెరిగిన నాకు కూడా కాకినాడ సంగతి బడిలో ఎవరూ చెప్పలేదు. ‘బాంబుల దాడి’ని పట్టుకొని ‘పిల్లుల దాడి’ అంటే సరిపోతుంది కదా! బాంబులు, పిల్లులు. అక్షరాల లెక్క, బహువచనం రెండూ కుదిరాయి, పిల్లలకూ తెలుస్తుంది. ‘పిల్లుల దాడి నుంచి తలదాచుకొను స్థలము’ అని పాత ప్రభుత్వ బోర్డుల పద్ధతిలో రాస్తాను.

గోదారిమనవరాలు:

ఆలస్యంగా వచ్చినందుకు మన్నించండి. నేను న్యూజెర్సీలో ఒక ప్రాథమిక పాఠశాలలో పని చేస్తున్నాను. మా తరగతిలో జపాన్ కుటుంబాల పిల్లలు ఉన్నారు, వారి ముఖాలు కళ్ల ముందు పెట్టుకొని ఇది రాస్తున్నాను. రెండవ తంతి వార్త మూలంలో ఉన్నది ఒక జాతిని కించపరిచే పొట్టి పేరు. ఇంకా కొందరిని పంపండి, వారినీ చంపుతాము అనే అర్థం. ‘మరిన్ని పిల్లులను పంపండి’ అన్నప్పుడు ఆనాటి ప్రేక్షకులు ఎందుకు అంత గట్టిగా నవ్వారో తెలిశాక, ఆ నవ్వులో నేను కలవలేకపోతున్నాను. పిల్లలకు ఆ చిత్రం చూపించవద్దని అనడం లేదు. మూలం చెప్పాలా వద్దా, చెబితే ఎంతవరకు చెప్పాలి అనేది మనం ఆలోచించకుండా అట్ట ముక్క రాసేయకూడదని అంటున్నాను.

నిదానం:

గోదారిమనవరాలు గారి ఆవేదన న్యాయమైనదే. నాది ఇంకొక అడుగు ముందుకు వేసే ప్రశ్న. ఇది హాస్యచిత్రమా, యుద్ధ ప్రచార చిత్రమా? ఆ ముందు ఏడాది ఆస్కార్ ‘డెర్ ఫ్యూరర్స్ ఫేస్’కు వెళ్లింది. అందులో డొనాల్డ్ డక్ జర్మనీలో ఉన్నట్టు కలగంటాడు, కర్మాగారంలో ఫిరంగి గుండ్లకు మూతలు బిగిస్తూ, మధ్యలో వచ్చే హిట్లర్ పటానికల్లా చేయెత్తి వందనం చేస్తూ మతి చలిస్తాడు. అదే పోటీలో టెక్స్ ఏవరీ తీసిన ‘బ్లిట్జ్ వుల్ఫ్’ ఉన్నది, అందులో మూడు పందిపిల్లల ఇల్లు కూల్చే తోడేలు హిట్లరే. ‘యాంకీ డూడుల్ మౌస్’ గెలిచిన ఏడాది డిస్నీవారి పోటీ చిత్రం ‘రీజన్ అండ్ ఎమోషన్’ కూడా యుద్ధ ప్రచారమే. అంటే ఆ కాలంలో జంతువులన్నీ సైన్యంలో చేరిపోయాయి. జెర్రీకి లెఫ్టినెంట్ పదవి ఇచ్చి, చివర్లో జెండా ఎగరేసిన చిత్రాన్ని ఆ గుంపు నుంచి వేరు చేసి చూడటం సాధ్యమా?

పాతరీలు:

సాధ్యమేనని నేను అనుకుంటున్నాను. జెండా ఉన్నది కాబట్టి ఇది ప్రచారం కాదని అనను. కాని ఎలాంటి ప్రచారం అనేది చూడాలి. నిదానం గారు పేర్కొన్న చిత్రాలలో శత్రువు ముఖం ఫలానావాడిదని గుర్తుపట్టేలా గీశారు. 1944లో వార్నర్ బ్రదర్స్ వారు బగ్స్ బన్నీతో తీసిన ఒక చిత్రం పేరులోనే జపానువారిని కించపరిచే మాట ఉన్నది. అందులోని మనుషుల బొమ్మలు ఈనాడు చూడటానికి సిగ్గు కలిగించేలా ఉంటాయి. ‘యాంకీ డూడుల్ మౌస్’లో టామ్‌కు మీసం పెట్టలేదు, స్వస్తిక గుర్తు తగిలించలేదు, కళ్లద్దాలు, ఎత్తుపళ్లు పెట్టలేదు. అంతకు ముందు చిత్రంలో ఎలా ఉన్నాడో, తరువాత చిత్రంలో ఎలా ఉంటాడో అలాగే ఉన్నాడు. నింపాదిగా ఆలోచిస్తే, పేలిపోయి అమెరికా జెండాగా మారేవాడు కూడా శత్రువైన టామే. పరదేశపు శత్రువును ఎవరూ తమ జెండాగా మార్చరు. అతడు ఇంటివాడు.

వేక్ దీవి మాటను అక్షరాలా వాడుకునే అవకాశం ఉండి కూడా వాడకపోవడం వారి మంచితనమో, కథకు పిల్లే కావలసి రావడమో నేను తేల్చలేను గాని, ఫలితం మాత్రం మనకు మేలే చేసింది. ఆ ఏడాది వచ్చిన యుద్ధ కార్టూన్లలో చాలావాటిని ఈ రోజు పిల్లల ముందు వేయలేము. దీనిని వేయగలము.

గోదారిమనవరాలు:

అంగీకరిస్తున్నాను, కొంతవరకు. ముఖాలు లేకపోవడం నిజంగానే పెద్ద తేడా. కాని మూలం తెలిసిన పెద్దలుగా మనం ఒకటి చేయవచ్చు. చిత్రం అయిన తరువాతి అరగంటలో, పెద్ద తరగతి పిల్లలకు మాత్రం, వేక్ దీవి కథను పూర్తిగా చెప్పవచ్చు. అక్కడ ఉన్నవారు ‘ఇంకా పంపండి’ అనలేదనీ, వారు బతికి బయటపడటానికి తాపత్రయపడిన మనుషులనీ, ఆ మాట స్వదేశంలో కూర్చొని వార్తలు చదువుతున్నవారికి కావలసి వచ్చిందనీ చెప్పవచ్చు. మా ఐదవ తరగతి పిల్లలు ఇటువంటివి చాలా బాగా అర్థం చేసుకుంటారు.

నాదతరంగం:

అందరూ రాతల గురించే మాట్లాడుతున్నారు, చెవులకు కూడా కొంచెం చోటు ఇవ్వండి. ఈ చిత్రానికి సంగీతం స్కాట్ బ్రాడ్లీ. మాటలు లేని చిత్రంలో వాద్యబృందమే మాట్లాడుతుంది. జెర్రీ అడుగు వేస్తే ఒక స్వరం, టామ్ తల మీద ఇటుక పడితే మరొకటి. ప్రతి కదలికకూ ఎన్ని ఫ్రేములు పడతాయో హన్నా ముందే లెక్కగట్టి తాళం నిర్ణయించేవాడు, బార్బెరా బొమ్మలు గీసి కథను పరిచేవాడు. ఇద్దరి మధ్య ఆ పని విభజన చివరి వరకూ అలాగే సాగింది. టామ్ దెబ్బ తిన్నప్పుడు వినిపించే ఆ ప్రసిద్ధమైన కేక కూడా హన్నా గొంతే.

పేరు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పిల్లలు తప్పక అడుగుతారు. ‘యాంకీ డూడుల్’ అనేది పద్దెనిమిదవ శతాబ్దపు పాట. అమెరికా వలసలలోని మొరటు సైనికులను వెక్కిరించడానికి బ్రిటిషు సైనికులు పాడుకున్న పాట అది. వెక్కిరింతకు గురైనవారే దానిని తమ పాటగా చేసుకొని స్వాతంత్ర్య యుద్ధంలో పాడారు. 1904లో జార్జ్ ఎం. కోహన్ దాని ఆధారంగా కొత్త పాట కట్టాడు. కోహన్ జీవితం మీద 1942లో వచ్చిన సినిమాలో నటించిన జేమ్స్ క్యాగ్నీకి ఉత్తమ నటుడి ఆస్కార్ వచ్చింది. కాబట్టి 1943 వేసవిలో ఈ కార్టూన్ పేరు తెర మీద పడగానే హాలంతా ఆ పాట మనసులో పాడుకొని ఉంటుంది. చిన్నవాడని నవ్వినవారి మీద చిన్నవాడు గెలిచిన పాట కాబట్టే అది ఎలుకకు అంత బాగా అమరింది. ‘పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం’ అనే మన సామెతను ఈ చిత్రం మొదటి నిమిషంలోనే తలకిందులు చేస్తుంది.

నిదానం:

నాదతరంగం గారికి ధన్యవాదాలు. పాతరీలు గారి ‘ఇంటివాడు’ అనే మాట నన్ను ఆలోచనలో పడేసింది. నిన్న రాత్రి చిత్రాన్ని మళ్లీ రెండుసార్లు చూశాను. ఈసారి టామ్‌నూ జెర్రీనీ వదిలేసి వస్తువులను మాత్రమే చూశాను. గుడ్లు, పిండి, తురుము రేకు, సీసాలు, బల్బులు. ఆయుధమైనవన్నీ వంటింటికీ ఇంటి సామానుకూ సంబంధించినవే.

పాతరీలు:

అసలు విషయం అక్కడే ఉన్నదని నేను కూడా నమ్ముతున్నాను. అమెరికాలో 1942 మే నుంచి చక్కెరకు, నవంబరు నుంచి కాఫీకి, 1943 మార్చి చివరి నుంచి మాంసానికీ, వెన్నకూ, జున్నుకూ రేషను పెట్టారు. 1942 ఫిబ్రవరిలోనే పౌరుల కోసం కార్లు తయారుచేయడం ఆపివేసి, ఆ కర్మాగారాలను యుద్ధ సామగ్రికి మళ్లించారు. అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచినది వంట కొవ్వు సంగతి. వేయించగా పెనంలో మిగిలిన కొవ్వును గృహిణులు డబ్బాలలో పోసి మాంసం కొట్టుకు తీసుకువెళ్లి ఇచ్చేవారు. ఆ కొవ్వు నుంచి గ్లిజరిన్ తీసి, దానితో పేలుడు పదార్థాలు చేసేవారు. 1942లో డిస్నీవారు మిన్నీ మౌస్‌తో, ప్లూటోతో దీని మీదే ఒక ప్రభుత్వ ప్రచార చిత్రం తీశారు. ప్లూటో ఆశగా చూస్తున్న వేపుడు కొవ్వు తుపాకి గుండు ఎలా అవుతుందో అందులో చూపిస్తారు.

అంటే వంటింటి వస్తువు బాంబు కావడమన్నది 1943లో హాస్యరచయిత ఊహ మాత్రమే కాదు. ఆ హాలులో కూర్చున్న తల్లులు ఆ ఉదయమే కొవ్వు డబ్బా ఇచ్చి వచ్చి ఉండవచ్చు. జెర్రీ గుడ్ల పెట్టె తెరిచినప్పుడు వారు నవ్విన నవ్వులో ఆ గుర్తింపు ఉన్నది. హన్నా, బార్బెరా ప్రచారం చేశారా అంటే చేశారు. కాని వారు చూపించినది సరిహద్దును కాదు, ఇంటి కింది గదిని. ఆయుధాలు గుట్టలుగా పోసి చూపించే చిత్రం కన్నా, తురుము రేకు జీపు కావడం చూపించే చిత్రం ఆ యుద్ధం ఇళ్లలోకి ఎలా వచ్చిందో నాకు ఎక్కువగా చెబుతుంది.

సందర్భం వచ్చింది కాబట్టి మరొక చిన్న సంగతి. లోహపు కొరత వలన ఆ యుద్ధకాలంలో మూడేళ్లపాటు ఆస్కార్ ప్రతిమలను ప్లాస్టర్‌తో చేసి రంగు వేసి ఇచ్చారు. యుద్ధం అయ్యాక వాటిని వెనక్కి ఇచ్చి బంగారు పూత ప్రతిమలు తీసుకొమ్మన్నారు. ఈ చిత్రానికి ఆస్కార్ ఇచ్చిన 1944 మార్చి 2 నాటి సభ ఆ రోజులలోనిదే. బహుమతి నిర్మాత ఫ్రెడ్ క్వింబీ పేరు మీద వెళ్లింది. చిత్రాన్ని ఊహించి, గీయించి, ప్రతి ఫ్రేమునూ లెక్కగట్టిన ఇద్దరి పేర్లూ ఆ బహుమతి మీద లేకపోవడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

సముద్రతీరం:

వంటింటి సంగతి చదివి మా ఇంటి మాట ఇంకొకటి జ్ఞాపకం వచ్చింది. దీపాల వెలుగు బయటికి కనబడకూడదని నాయనమ్మవాళ్లు లాంతరు చిమ్నీకి వంటింటి మసి పూసేవారట. ఆ మసి చేతులతోనే ఆమె అన్నం తినబోతే ముత్తవ్వ కోప్పడిందట. యుద్ధం గురించి ఆమెకు అన్నిటికన్నా స్పష్టంగా గుర్తున్నది ఆ మసే.

పదకేళి:

సముద్రతీరం గారూ, దానిని ఎక్కడైనా రాసి పెట్టండి. ఈ వేదికలోనే వేరొక చర్చగా పెట్టినా సరే.

ఇక మిగిలినవి తంతి వార్తలు. మొదటిదాని బలం క్లుప్తతలోనూ, మేసన్ సందేశంలోని నాలుగు మాటలూ ఒకే ధ్వనితో మొదలవడంలోనూ ఉన్నది. ‘ఒక పిల్లి కనిపించినది, దానిని ముంచివేసితిని’ అంటే తంతి ఖర్చు పెరుగుతుంది, నవ్వు తరుగుతుంది. మన పెద్దలు తంతి పంపేటప్పుడు మాటకు ఇంత అని లెక్కపెట్టి రాసేవారు. ‘తాత సీరియస్, వెంటనే రా’ అన్న పద్ధతి. ఆ పద్ధతిలో రాయాలి. పకారం మీద ప్రయత్నించాను: ‘పిల్లి పొడగట్టె. పని పట్టితి.’ పొడగట్టడం పిల్లలకు కొత్త. పైగా ముంచడం అనే అసలు పని పోయింది. మకారంతో ‘మార్జాలం మునిగింది’ అనవచ్చును గాని చూడటం పోయింది. నిదానం గారు నన్ను బైడాలిక దగ్గర పట్టుకున్నారు కాబట్టి ఈసారి తేలిక మాటలతోనే వచ్చాను: ‘పిల్లిని చూశాను. పిల్లిని ముంచాను.’ రెండుసార్లు పిల్లిని అనడం వలన మూలంలోని ‘సేమ్’ అనే ఆ పొడి అధికారిక ధోరణి కూడా కొంత వస్తుంది.

నిదానం:

ఇది బాగున్నది. ఒక్క సవరణ. జెర్రీ సైనికుడు, పైవారికి నివేదిస్తున్నాడు. సైన్యంలో ‘నేను’ అనకుండా చెబుతారు. ‘పిల్లి కనబడింది. పిల్లి మునిగింది.’ క్రియలు రెండూ ఒకే తూకంలో ఉన్నాయి, ఎవరు ముంచారో సంతకం చెబుతుంది.

పదకేళి:

ఒప్పుకున్నాను, మీదే మెరుగు. ‘కనబడింది, మునిగింది’ చదువుతుంటే తంతి యంత్రం టకటకలాడినట్టే ఉన్నది.

గోదారిమనవరాలు:

రెండవ వార్తకు నా సూచన చెప్పనా? ‘మరిన్ని పిల్లులను పంపండి’ అన్నప్పుడు ఆజ్ఞలా ఉంటుంది. ‘ఇంకా పిల్లులు కావలెను’ అని కిరాణా చీటీలా రాస్తే ఎలా ఉంటుందంటారు? పాతరీలు గారు చెప్పిన వంటింటి వరసలోనే పడుతుంది. గుడ్లు, పిండి, జున్ను, పిల్లులు. యుద్ధభూమి నుంచి పంపిన సవాలులా కాకుండా, సరుకులు అయిపోయాయని దుకాణానికి పంపిన చీటీలా ఉంటుంది. వేక్ దీవి మాటలోని చంపే ధ్వని పోతుంది, జెర్రీ ఉత్సాహం మిగులుతుంది. మూలానికి ఇది కొంచెం దూరమేనని తెలుసు. ఆ దూరం నేను తెలిసే కోరుతున్నాను.

పాతరీలు:

చరిత్ర ప్రకారం ‘పంపండి’యే ఉండాలని వాదిద్దామని మొదలుపెట్టి, సగం రాసి చెరిపేశాను. గోదారిమనవరాలు గారి చీటీ ఆ చిత్రం స్వభావానికి నా చరిత్ర కన్నా దగ్గరగా ఉన్నది. పెద్ద పిల్లలకు అసలు మాటను తరువాతి అరగంటలో చెప్పవచ్చు.

పుస్తకాలగది:

అందరికీ ధన్యవాదాలు. నిన్న సాయంత్రం ఇరవైమూడు మంది పిల్లలు వచ్చారు. నాలుగు అట్ట ముక్కలు ఇలా రాశాను:

పిల్లుల దాడి నుంచి తలదాచుకొను స్థలము.

ఫిరంగి గుండ్లు (సున్నా మీద ఎర్ర సిరాతో కొట్టివేత).

పిల్లి కనబడింది. పిల్లి మునిగింది. ఇట్లు, లెఫ్టినెంట్ జెర్రీ మౌస్.

ఇంకా పిల్లులు కావలెను. ఇట్లు, లెఫ్టినెంట్ జెర్రీ మౌస్.

గుడ్ల పెట్టె దగ్గర అందరికన్నా ముందు నవ్వింది రెండవ తరగతి పాప, ఆ సున్నాను చూసే. మూడవ అట్ట ముక్కను పిల్లలంతా గొంతు కలిపి పైకి చదివి, మరొకసారి వేయమని అడిగారు. చిత్రం అయ్యాక చిన్నవాళ్లను బొమ్మలు వేయడానికి పంపించి, ఆరు, ఏడు తరగతుల పిల్లలు తొమ్మిది మందిని కూర్చోబెట్టి వేక్ దీవి కథనూ, మేసన్ కథనూ, 1942 ఏప్రిల్ 6న పడిన బాంబుల సంగతినీ చెప్పాను. ఒక అబ్బాయి కాకినాడలో బాంబులు ఎక్కడ పడ్డాయని అడిగాడు. నాకు తెలిసినంతలో చెప్పి, మిగిలినది వాళ్ల తాతగారిని అడిగి రమ్మన్నాను. వచ్చే శనివారం చెబుతానన్నాడు. సముద్రతీరం గారు లాంతరు మసి గురించి రాస్తే దానిని కూడా ఆ రోజే చదివి వినిపిస్తాను.